మేకపోతు సమ్మతి

పాపకు తట్టు పోసినప్పుడు మా ఇంట్లో రెండు వైద్యాలు జరిగాయి. నేను రోజూ ఆటోలో దవాఖానకు తీసుకుపోయి, డాక్టరు రాసిన సిరప్పు పట్టించాను. మా అత్తమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డ లేచి తిరిగితే శ్రావణంలో మేకపోతును కోస్తానని పోచమ్మకు మొక్కుకుంది. పాప లేచి తిరిగింది. డాక్టరుతో పని అంతటితో అయిపోయింది. పోచమ్మతో మాత్రం మిగిలింది.

శ్రావణానికి ఇంకా నెల ఉండగానే మా ఆయన పాలకుర్తి వైపు చుట్టాల ఊరి నుంచి నల్లటి మేకపోతును బస్సులో తెచ్చాడు. కండక్టరు దానికి కూడా టికెట్ కొట్టాడట. హక్కుల సంగతి అక్కడే మొదలైందని నా అనుమానం. టికెట్ ఉన్న ప్రయాణికుణ్ణి ఎవరైనా కోసుకు తింటారా?

నేను బీఎస్సీలో జువాలజీ చదివాను. మేక వల్ల మనుషులకు ఏమేం వస్తాయో నాకు తెలుసు. తెలియకపోతే ఎంత హాయిగా ఉండేదో. నాలుగేళ్ళ పాప పొద్దున లేవగానే పోయి దాని మెడ కావలించుకునేది. వద్దంటే ఏడ్చేది. ఏడిస్తే దగ్గు, దగ్గితే నాకు గుండెదడ. చివరికి ఒక ఒప్పందం కుదుర్చుకున్నాను: ముందు మేకకు స్నానం, ఆ తర్వాతే కావలింత. రోజూ పెరట్లో బావి దగ్గర బండ మీద దాన్ని నిలబెట్టి, బకెట్ నీళ్ళలో క్రిములు చచ్చే మందు నాలుగు చుక్కలు కలిపి, చెంబులతో పోసేవాళ్ళం. మొదట్లో అది ఎగిరి, ఒళ్ళు విదిలించి, మా ఇద్దరికీ కూడా స్నానం చేయించేది. కొన్నాళ్ళకు అలవాటు పడింది. మంగళస్నానానికి కూర్చున్న పెళ్ళికొడుకులా కళ్ళు అరమూసుకుని నిలబడేది.

"నా పెండ్లికి గూడ నా మీద గిన్ని నీళ్ళు పొయ్యలే," అనేది అత్తమ్మ, వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతూ.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "అత్తమ్మా, పాప దానితో ఇంతగా కలిసిపోయింది. ఆ మొక్కును కొబ్బరికాయలతో తీర్చుకోరాదా?"

"కొబ్బరికాయకు నోరు లేదనా?"

"నొప్పి తెలియదని."

"వకీలు సాబ్ మొదలువెట్టింది," అంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు, పరిశోధనల కోసం జంతువులను చంపవచ్చునా అనే డిబేటులో చంపరాదని మాట్లాడి స్టీలు గిన్నె గెలుచుకున్నాను. అత్తమ్మ దాంట్లో చింతపండు పోసి పెట్టుకుంది. నేనేం మాట్లాడినా ఆ గిన్నె వైపు ఒకసారి చూసేది.

ఎదురింట్లో కిరాణా కొట్టు నడిపే సేటు ఈ మాటలు విని గుమ్మం దాకా వచ్చాడు. గుడ్డు వాసన కూడా పడని ఇల్లు వాళ్ళది.

"అక్కా, కోడలు పిల్ల చెప్పింది న్యాయమే. జీవిని చంపుడు పాపం."

"పొద్దుగాల చాయ్ తాగినవా సేటు?"

"తాగిన."

"పాలు యాడియి? దుడ్డెను గుంజకు కట్టేసి, దాని నోటికాడి పాలు పిండుకొస్తరు. నా యాటపోతుకు ఒక్కనాడే కష్టం. ఆ దుడ్డెకు రోజూ."

"దుడ్డె బతికే ఉంటది గదా అక్కా."

"బొక్కలు కనవడంగ బతుకుతది."

సేటు వెనక్కి తిరిగాడు. "నేను జర పాలు తక్కువే పోయించుకుంట," అని చెప్పి కొట్లోకి పోయాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, తనను ఎవరూ ఏమీ అడగకుండా జాగ్రత్తపడ్డాడు.

అత్తమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "ఇను బిడ్డా. మేం అడగకుండ కొయ్యం. గుడికాడ దాని మీద నీళ్ళు పోస్తరు. అది ఒళ్ళు దులిపితె తల్లి ఒప్పుకున్నట్టు, అది గూడ ఒప్పుకున్నట్టు. దులపకుంటె కత్తి లేవదు. మీ కాలేజీల కప్పను అడిగే కోసిన్రా?"

 మేం కప్పలను మత్తుమందు దూదితో పాటు సీసాలో పెట్టి మూత బిగించేవాళ్ళం. దాన్ని అడగడం అనలేం.

మొక్కు రోజున ఆడబిడ్డ, వాళ్ళాయన, పిల్లలు, ఇంకా చుట్టాలు వచ్చారు. ఇంట్లో మసాలా నూరడం అయిపోయింది. మేకపోతును తోలుకుని అందరం పోచమ్మ దగ్గరికి పోయాం. వేపచెట్టు కింద చిన్న గుడి. పూజ చేసే ముసలాయన మేకపోతుకు బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, పసుపునీళ్ళు చెంబెడు నడుం మీద పోశాడు.

మేకపోతు కళ్ళు అరమూసుకుంది.

ఇంకో చెంబు పోశాడు. అది దండలోంచి ఒక పువ్వు లాక్కుని నమలసాగింది.

"సన్నగ పోస్తాండు, జర గట్టిగ పొయ్యాలె," అన్నాడు ఆడబిడ్డ భర్త, చేతులు కట్టుకుని. ముసలాయన గట్టిగా పోశాడు. నీళ్ళు కారిపోతున్నాయి, మేకపోతు నములుతూనే ఉంది. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. క్రిముల భయంతో నేనే దానికి రోజూ నీళ్ళంటే భయం పోగొట్టాను.

మొదట నవ్వు వచ్చింది. పక్కకు చూశాక పోయింది. అత్తమ్మ చేతులు జోడించి, కళ్ళనీళ్ళు పెట్టుకుని గొణుగుతోంది. "తల్లీ, పసిపిల్ల. తప్పు ఏమన్నుంటె నా మీద ఏసుకో. దాని జోలికి పోకు." వాకిట్లో కూర్చుని సేటును ఓడించిన మనిషి కాదు ఆమె. అంత భయం నేను అంతకు ముందు నా ముఖంలోనే, అద్దంలో చూశాను.

నేను మొక్కులను నమ్మను. కానీ పాప విషయంలో నమ్మకుండా ఉండటానికి ధైర్యం చాలదు. ఒక్కసారి దులుపు అని మేకపోతును మనసులోనే బతిమాలుకున్నాను. డిబేటులో చెప్పిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

అప్పుడు పాప నా కొంగు లాగింది. వంగితే చెవిలో చెప్పింది. "అమ్మా, అది నీళ్ళకు ఊగదు. చెవుల ఊదితె ఊగుతది. నేను ఊదాల్నా?"

పాపకు ఊపు వరకే తెలుసు. తర్వాతి సంగతి తెలియదు. ఒక్క ఊదు ఊదితే మొక్కు తీరుతుంది, అత్తమ్మ ఏడుపు ఆగుతుంది, నా భయమూ పోతుంది. పాప పెదవులు అప్పటికే గుండ్రంగా చుట్టి సిద్ధంగా ఉంది.

ఊదింది తనేనని ఏదో ఒకనాడు పాపకు తెలుస్తుంది. నాకు తోచింది అదొక్కటే. మేక కోసం అని చెప్పుకుంటే బాగుండేది గానీ, ఆ క్షణంలో మేక నాకు గుర్తులేదు.

"వద్దు. ఎవ్వరికీ చెప్పకు," అని పాప నోటి మీద చెయ్యి పెట్టి ఎత్తుకున్నాను. దాని ఊపిరి నా అరచేతికి వెచ్చగా తగిలింది.

ముసలాయన చెంబు కింద పెట్టాడు. "తల్లికి ఇది వద్దట. తోల్కపోన్రి."

తిరిగి వస్తుంటే సన్నగా వాన మొదలైంది. పాప రెండుసార్లు తుమ్మింది. నేను నడక ఆపేశాను. అత్తమ్మ నా వైపు చూడకుండానే తన కొంగు పాప తల మీద కప్పింది.

"వాన పడితె తుమ్ములొస్తయ్. తల్లికి కోపముంటె ఒళ్ళు దులపని యాట మీద ఉంటది, పిల్ల మీద ఎందుకుంటది? నడువు."

ఆ మాట నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో తెలియదు. ఈ రాత్రి కూడా ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి పాప నుదురు తాకి వచ్చాను. చల్లగానే ఉంది. అయినా అత్తమ్మ అన్న ఆ మాట మనసులో ఒకసారి చెప్పుకున్నాను.

ఆ రోజు మేకపోతు తిరిగి రావడం చూసి సేటు సంతోషంతో దోసెడు శనగలు తెచ్చి తినిపించాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ అంత సంతోషం లేదు. "మసాలా నూరినంక పప్పుచారు పెడ్తరా?" అని ఆడబిడ్డ భర్త నన్నడగలేక గోడను అడిగాడు. అత్తమ్మ మా ఆయనకు సంచీ ఇచ్చి మార్కెట్టుకు పంపింది. గంటలో రెండు కోళ్ళు వచ్చాయి. కూర వాసన వీధి దాటగానే సేటు కొట్టు తలుపు ఒక రెక్క మూసుకుంది.

అందరూ బంతిలో కూర్చున్నారు. పాపకు కాలు ముక్క వేశాను. తట్టు పోసినప్పటి నుంచి అన్నం ముందు ముఖం తిప్పుకునే పిల్ల, ఆ రోజు ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. మధ్యలో ఆగి, పెరటి వైపు చూసి అడిగింది.

"అమ్మా, కోడి మీద నీళ్ళు పోసిన్రా? ఊగిందా అది?"

 అత్తమ్మ గరిటెతో కూర కలుపుతూ ఉండిపోయింది.

"చల్లారిపోతుంది, తిను," అన్నాను.