గోడ పట్టుకోని రోజు

ఆస్తమా పరిశోధనశాలలో రక్తం పరీక్షించే ఆమెను అందరూ పిల్లికూతలక్క అంటారు. మెట్లెక్కి రాగానే గోడకు చేయి ఆనించి, ఛాతీలో ఈల సద్దుమణిగాకే తెల్లకోటు తొడుక్కుంటుంది. రక్తంలోని తెల్లకణాల మీద, ఎలర్జీ రేపే హిస్టమిన్ అనే రసాయనం వచ్చి తట్టే గ్రాహకాలనే తలుపులు స్టెరాయిడ్‌తో ఎలా మారతాయో రోజూ కళ్లారా చూస్తూనే, ఆ మందంటే ఆమడదూరం పారిపోతుంది. అందుకే మందు వాడని ఆస్తమా నమూనా కావాలంటే ఆమె రక్తమే తీస్తారు. మొన్న ఆ నమూనా కాస్తా మందు వాడేవాళ్ల రక్తంలాగే కనిపించింది. "మిషన్ పాడైనట్టుంది," అని పెద్దసారు తల పట్టుకున్నాడు. "మిషన్‌కేం, నిక్షేపంలా ఉంది," అందామె సిగ్గుపడుతూ. "మా అమ్మాయి పోరు పడలేక నెలనుంచీ ఆ మందు పీలుస్తున్నా సార్. ఇక వేరే పిల్లిని వెతుక్కోండి." అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఆ పొద్దున ఆమె గోడ పట్టుకోలేదని.