వంద రూపాయల కోత

మా ఊరి పేరు లోక్‌సభలో వినిపించిన సాయంత్రం నేను పైన ప్రేక్షకుల గ్యాలరీలో ఉన్నాను. పక్కన మా బాపు, అంటే నాన్న. మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ముందుకు వంగకూడదు అని లోపలికి పంపేటప్పుడే చెప్పారు. అందుకని బాపు ఏమీ అనలేక నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి నా రెండు గాజులు పగిలాయి. అప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తెలియలేదు.

అది ఎనభైల నడుమ మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. మరాఠీ రాష్ట్రం అంచున, నది ఒడ్డున ఉన్న సిరొంచలో జిల్లా పరిషత్ బడిలో ఏడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పౌరశాస్త్రం కూడా నేనే చెప్పేదాన్ని. పార్లమెంటు బడ్జెట్‌ను ఆమోదిస్తుంది అని పుస్తకంలో ఒక్క వాక్యం ఉండేది. దాన్ని పిల్లలచేత రెండుసార్లు చదివించి పక్క పేజీకి పోయేదాన్ని.

అంతకుముందు వానాకాలంలో ప్రాణహిత, గోదావరి రెండూ ఒక్కసారే పొంగాయి. పడవలు ఆగాయి. ఆలపల్లి నుంచి అడవిలో పడి వచ్చే టెలిగ్రాఫు వైరు మీద చెట్లు కూలి, తంతి కూడా ఆగిపోయింది. మా అక్క నదికి అవతల, చెన్నూరులో ఉంది. తొలి కాన్పు. రోజులు దగ్గర పడ్డాయి. బాపు పొద్దున్నే ఒడ్డుకు పోయి, ఎర్రటి నీళ్ల అవతల ఏమన్నా కనిపిస్తుందేమో అన్నట్టు నిలబడేవాడు. పద్దెనిమిది రోజుల తర్వాత మొదటి పడవ వచ్చింది. పడవ నడిపే ఆయనే కబురు తెచ్చాడు. అక్కకు కవల ఆడపిల్లలు పుట్టి అప్పటికే పదిహేను రోజులైందట. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. పిల్లలకు పురుడు కూడా అయిపోయింది, మాకు పుట్టినట్టే తెలియదు.

చలికాలంలో వరద తాకిన ఊళ్లు చూడటానికి కొందరు పార్లమెంటు సభ్యులు వచ్చారు. విశ్రాంతి గృహం ముందు జనం పోగయ్యారు. తెలుగులో చెప్పేది హిందీలో చెప్పడానికి ఎవరైనా కావాలంటే హెడ్మాస్టరు నన్ను పంపారు. వచ్చిన వాళ్లలో ఒకాయన ప్రతిపక్షం మనిషి, వేరే రాష్ట్రం నుంచి గెలిచినాయన. పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. అందరూ రోడ్డు అడిగారు, బియ్యం అడిగారు. చివర్లో మీకేం కావాలమ్మా అని ఆయన నన్నే అడిగాడు. నేను అక్క కాన్పు సంగతి చెప్పాను. వైరు తెగినా మాట అందే యంత్రాలు ఉన్నాయట కదా, మా పోస్టాఫీసుకు ఒకటి ఇప్పించండి అన్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. అలా రాసుకున్నవాళ్లను అంతకుముందు కూడా చూశాం కాబట్టి, జీపులు వెళ్లగానే ఆ సంగతి మరిచిపోయాను.

మార్చి నెలలో ఢిల్లీ నుంచి నా పేరున కవరు వచ్చింది. మా పోస్టుమాస్టరుగారు నాగపూర్ వైపు మరాఠీ మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. లోపలున్న అచ్చు కాగితాన్ని ఆయనే కౌంటరు దగ్గర పైకి చదివి అర్థం చెప్పాడు. వానల్లో తెగిపోయే సిరొంచకు నమ్మకమైన టెలిఫోను సౌకర్యం కల్పించవలసిన అవసరం ఉన్నందున, టెలికమ్యూనికేషన్ల పద్దును వంద రూపాయలు తగ్గించాలి. కింద ఆ సభ్యుడి పేరు.

స్టాంపులకు వచ్చిన నలుగురూ విన్నారు. నేను ఇంటికి చేరేలోగానే ఆ మాట నాకంటే ముందు చేరింది. బాపు గడపలోనే నిలబడి ఉన్నాడు.

"ఏంది బిడ్డా, మంచోడన్నవు గదా. మనకిచ్చేది లేదు గని, ఉన్నదాంట్ల వంద కోస్తనంటుండట."

పౌరశాస్త్రం చెప్పే పంతులమ్మనైనా నాకూ అది అర్థం కాలేదు. కవరులో ఇంకో కాగితం ఉంది, హిందీలో ఆయన చేత్తో రాసింది. దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. అందులో ఇలా ఉంది. ప్రభుత్వం ఖజానాలోంచి ఒక్క రూపాయి తీయాలన్నా లోక్‌సభ ఒప్పుకోవాలి. ఒక్కో శాఖ ఇంత కావాలని తన పద్దు తెచ్చి సభ ముందు పెడుతుంది. ఆ పద్దు మీద సభ్యుడు ఒక ఊరి కష్టం చెప్పాలంటే ఇదొక దారి, వంద రూపాయలు తగ్గించమని కోత తీర్మానం ఇవ్వడం. ఎందుకు తగ్గించాలో చెప్పే హక్కు అప్పుడు అతనికి వస్తుంది. మంత్రి వినాలి, జవాబు చెప్పాలి.

ఇదంతా బాపుకు చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అంటే కొయ్యనీకి కాదు. మాట్లాడనీకి సాకు."

"అంతే బాపూ."

"మరి గట్ల సక్కగ చెప్పక, నన్ను జర పరేషాన్ జేసిండ్రు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో బాపును మించిన పార్లమెంటు మనిషి లేడు. రేడియోకి కొత్త సెల్లులు తెచ్చాడు. పొద్దున ఏడు గంటలకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యేసరికి ఎడ్లకు గడ్డి వేసి వచ్చి పెట్టె ముందు కూర్చునేవాడు. నేను తలుపు వెనక గోడ మీద సుద్దముక్కతో మెట్లు రాశాను. ఫిబ్రవరి ఆఖరున బడ్జెట్ పెట్టారు, అది అయిపోయింది. కొత్త ఏడాది మొదటి నెలల ఖర్చులకు తాత్కాలికంగా కొంత మంజూరు చేశారు, అదీ అయింది. ఇక ఏప్రిల్లో శాఖల పద్దులు ఒక్కొక్కటే చర్చకు వస్తాయి, ఆ శాఖల పేర్లూ కింద వరసగా రాశాను. ఒక్కో శాఖ పేరు వినపడగానే బాపు లేచి ఆ పేరు పక్కన గీత పెట్టేవాడు. ఆయనకు చదవడం రాదు. ఎన్నో వరసలో ఏ శాఖ ఉందో లెక్క గుర్తుపెట్టుకున్నాడు.

మాది చివరి వరస. భయమంతా అక్కడే. అన్ని పద్దులకూ సమయం చాలదు. ముందే నిర్ణయించిన ఒక సాయంత్రం, చర్చకు రాని పద్దులన్నిటినీ కట్టగట్టి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారట. ఆ లోపల మా పద్దు సభకు రాకపోతే, మా కోత తీర్మానం ఎవరూ చదవకుండానే మాసిపోతుంది. ఆ యేడు ఏవో గొడవల మీద సభ మాటిమాటికీ వాయిదా పడింది. వాయిదా అన్న మాట రేడియోలో వినపడినప్పుడల్లా బాపు తొడ మీద చరుచుకునేవాడు. వాకిట్లో గింజలు ఎండబోస్తూ అమ్మ కూడా అడిగేది, ఇయ్యాల కొట్లాడుకున్నరా, పని చేసిండ్రా అని.

పరీక్షలు అయిన మూడో రోజు ఆ సభ్యుడి దగ్గర్నుంచి తంతి వచ్చింది. ఆ వారం వైరు బాగానే ఉంది. ఈ గురు, శుక్రవారాల్లో మన పద్దు రావచ్చు, మీరు వస్తే గ్యాలరీకి ఇద్దరికి పాసులు ఇప్పిస్తాను, మా ఇంట్లో ముందుగది ఉంది అని. నేను ఇంకా చదువుతుండగానే బాపు గూట్లోంచి ఉతికిన ధోవతి తీశాడు.

"వరంగల్ దాటలె నేను ఇప్పటిదాంక. పోదాం బిడ్డా. మనూరు పేరు ఎట్ల పలుకుతరో ఇందాం."

అమ్మ జొన్నరొట్టెలు, నువ్వుల పొడి మూటగట్టింది. ఏప్రిల్లో ప్రాణహిత సన్నగా పారుతుంది. ఇసకలో నడిచి, పడవలో దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాలకు పోయి రైలెక్కాం. రెండు పగళ్లు కిటికీ పక్కనే కూర్చున్నా బాపు అలసిపోలేదు. రైలు పెట్టెలోకి ఎవరు ఎక్కినా, ఏ ఊరు పోతున్నారని అడిగితే చాలు, పార్లమెంటుకు అని చెప్పి నా వైపు చూసి నవ్వేవాడు.

గురువారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా మా పాసు. గుమ్మం దగ్గర బాపు గొడుగు, పొగాకు సంచి తీసుకుని చీటీ ఇచ్చారు. నా కలం, నోటుబుక్కు కూడా తీసుకున్నారు. అక్కడ రాసుకోకూడదట. అందుకే ఈ చెప్పేదంతా కళ్లతో మోసుకొచ్చిందే. లోపల గుండ్రంగా ఆకుపచ్చ బెంచీలు. పైనుంచి చూస్తే మనుషులు చిన్నగా, దగ్గరగా కనిపించారు. మంత్రి ఒకాయన తన శాఖ గురించి జవాబు చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు. మూడున్నర అయింది. తర్వాత ఓట్లు లెక్కపెట్టాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. గంటలు మోగాయి, సభ్యులు పరుగెత్తుకొచ్చారు, తలుపులు మూశారు. నాలుగుకు పది నిమిషాలుంది.

అప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నాయన మా పద్దు పేరు చదివాడు. కోత తీర్మానాలు ప్రతిపాదించదలచిన వారు పదిహేను నిమిషాల్లోగా చీటీలు పంపాలన్నాడు. వెనక వరసలోంచి మా సభ్యుడు లేచాడు. ఆయన చేతిలో తెల్ల కాగితం ముక్క. అది మనుషుల చేతుల మీదుగా ముందుకు పోయి కార్యదర్శుల బల్ల చేరింది. నేను బాపు మోకాలు గట్టిగా తట్టాను. సరిగ్గా అప్పుడే కావలి మనిషి వచ్చి, మీ గంట అయిపోయింది, లేవండి అని సైగ చేశాడు.

బయట వరండాలో బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంతదూరం వచ్చి, గుమ్మం అవతల నిలబడటం. పావుగంట గడిచాక మా సభ్యుడు వేగంగా నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఇంకో రెండు పాసులు. నా వంతు అయిదు తర్వాత, వెళ్లి కూర్చోండి, నేను చీటీ ఇచ్చేశాను, ఇక ఎవరూ ఆపలేరు అని హిందీలో గబగబా చెప్పి వెనక్కి పరుగెత్తాడు. ఆయన వయసు అరవై దాటి ఉంటుంది. పరుగే అది.

అయిదుంబావుకు లేచాడు. ఆయనకిచ్చింది అయిదు నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు శాఖ మొత్తం గురించి మాట్లాడాడు. తర్వాత కాగితం పక్కన పెట్టి సిరొంచ అన్నాడు. ఉత్తరాది నోటితో కాస్త సాగదీసి పలికాడు, అయినా సిరొంచే. రెండు నదుల మధ్య ఊరు, వానల్లో నెలల తరబడి దారి ఉండదు, ఒక తల్లికి కూతురి కాన్పు కబురు పదిహేను రోజులకు అందింది, అదీ నది అవతల నుంచి అన్నాడు. అవతలి బెంచీల్లో కూడా మాటలు ఆగాయి. మంత్రి తల ఎత్తి చూసి, వెనకున్న అధికారికి ఏదో చెప్పాడు. అధికారి రాసుకున్నాడు. గాజులు పగిలింది అప్పుడే.

మర్నాడు మళ్లీ గ్యాలరీలోంచే మంత్రి జవాబు విన్నాం. చాలా విషయాల మధ్య ఒక వాక్యం, సిరొంచ వంటి చోట్ల రేడియో ద్వారా నడిచే టెలిఫోను పెట్టే విషయం పరిశీలిస్తాం. అంతే. తర్వాత కోత తీర్మానాలన్నీ కలిపి ఓటుకు పెట్టారు. ఒప్పుకునేవారు ఔను అనమంటే ప్రతిపక్షం అరిచింది. ఒప్పుకోనివారు కాదు అనమంటే అంతకు రెట్టింపు గొంతులు లేచాయి. మా కోత ఓడిపోయింది. పద్దు గెలిచింది. బాపు ముఖం వాడిపోవడం చూసి, మాట్లాడకూడదని తెలిసీ చెవిలో చెప్పాను, పద్దు గెలిస్తేనే శాఖకు డబ్బు వస్తుంది, మన మాట మంత్రి పుస్తకంలోకి ఎక్కింది అని.

ఆ సాయంత్రమే గిలెటిన్. మా సభ్యుడు మళ్లీ రెండు పాసులు సంపాదించాడు. అధ్యక్షుడు మిగిలిన శాఖల పేర్లు చదువుతుంటే, చర్చ లేకుండా, పేరు వెనక పేరు, ఔను ఔను అంటూ పోయాయి. మేం నెలంతా కాచుకున్నది నిమిషాల్లో అయిపోయింది. ఆ వెంటనే ఆర్థికమంత్రి ఈ పద్దుల సొమ్మంతా ఖజానాలోంచి తీయడానికి అధికారమిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ప్రవేశపెట్టాడు. అదీ అప్పుడే పాసైంది. మా పద్దు చర్చకు రావడానికీ రాకపోవడానికీ మధ్య ఉన్నది ఒక్క రోజు. ఆ సంగతి తలచుకుంటే వెనక్కి వచ్చే రైల్లో నాకు కుదురు లేదు.

ఊళ్లో బాపుకు రెండు వారాలు తీరిక లేదు. కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఒకరోజు పక్కింటాయన అడిగాడు, ఇగ అయిపోయినట్టేనా అని.

"ఏడ అయింది? ఇంకొక సభ ఉన్నది. పైసల బిల్లు గదా, ఆళ్లు మార్చనీకి లేదు. మాట్లాడి పద్నాలుగు రోజులల్ల మర్లగొట్టాలె. ఎన్కకు రాష్ట్రపతి సంతకం."

నేను వంటింట్లోంచి విని నిలబడిపోయాను. నా పుస్తకంలో లేని పాఠం మా బాపు నోట తప్పు లేకుండా వచ్చింది. రాజ్యసభ బిల్లును తిప్పి పంపిందన్న వార్త వచ్చిన పొద్దున గోడ మీద గీత పెట్టాడు. సంతకం కబురు రేడియోలో చెప్పలేదు. రెండు రోజుల పాత పేపర్లో, అడుగున, రెండు పంక్తులుగా ఉంటే నేనే చదివి వినిపించాను.

ఆ వానాకాలం యంత్రం రాలేదు. బాపు నన్ను అడిగాడు, నేను ఆ సభ్యుడికి రాశాను, ఆయన మంత్రికి రాశాడు. మరుసటి ఏడు సంక్రాంతి దాటాక ఆష్టి మీదుగా ఒక లారీ వచ్చి పోస్టాఫీసు ముందు ఆగింది. పొడుగాటి ఇనుప కమ్మీలు, రెండు పెట్టెలు, ముగ్గురు పనివాళ్లు. వారం రోజుల్లో పోస్టాఫీసు వెనక స్తంభం లేచింది. నేను పిల్లల్ని వరసలో నిలబెట్టి చూపించడానికి తీసుకుపోయాను. పోస్టుమాస్టరుగారు చెమట తుడుచుకుని, ఫోను ఎత్తి, గట్టిగా హలో అన్నాడు. చంద్రపూర్ నుంచి ఒక ఆడగొంతు మరాఠీలో, ఎవరు మాట్లాడేది, ఎక్కడి నుంచి అని అడిగింది. గదిలో ఉన్నవాళ్లందరికీ వినిపించింది. పోస్టుమాస్టరుగారు నోరు తెరిచేలోగా, కిటికీ దగ్గర నా ఏడో తరగతి మొత్తం ఒక్క గొంతుతో సిరొంచ అని కేక పెట్టింది.