పెద్ద గుండీ, చిన్న గుండీ

మొన్న శుక్రవారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే రాయచోటి నుంచి ఫోన్లో మాట వచ్చింది. మా ముసఫ్ఫా దర్జీ మాస్టర్ పోయారు. పంపింది ఆయన కూతురు. "నాయన పోయినాడు పెద్దనాయనా. జుమ్మా అయినాక తీసకపోతాండారు." అంతే, రెండు ముక్కలు.

నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎందుకంటే ఆయన నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది: "మనిషిని అడక్కుండా కప్పే గుడ్డ కఫన్ ఒకటే అన్నా. తక్కినవన్నీ అడిగే కుట్టాల." ఆ ఒక్క గుడ్డనూ ఆయనకు అడక్కుండానే కప్పుతున్నారు. ఆయనుంటే దానికీ కొలతల గురించి ఏదో ఒక పేచీ పెట్టేవారే.

నా సంగతి కాస్త చెప్పాలి. ఈ అరబ్బు దేశంలో ముసఫ్ఫా అనే కార్ఖానాల పేటలో, మాస్టర్ దుకాణం ఉన్న వీధిలోనే ఒక గ్యారేజీలో స్టోర్ చూసుకుంటాను. మాది జగిత్యాల పక్క పల్లె. బడిలో చదివింది ఐదో తరగతి, తక్కిన చదువంతా ఆయిల్ డబ్బాల మీదా, సామాన్లు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీదా సాగింది. ఇంగ్లీషులో నేను కూడబలుక్కున్న మొదటి వాక్యానికి అర్థం 'మండే స్వభావం కలది, దూరంగా ఉంచండి' అని. ఆ జ్ఞానం నాకు చుట్టాల దగ్గరా రాజకీయాల్లోనూ చాలా పనికొచ్చింది. అది వేరే కథ.

మాస్టర్ దుకాణం కంపెనీ బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉండేది. ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, ఒక బల్ల. మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఉండే పని బట్టలను ఇక్కడ కవరాల్ అంటారు. కంపెనీలు ఇచ్చే కవరాల్ ఒక్కటీ ఒక్కడికీ సరిపోదు. వాటిని పొట్టి చెయ్యడం, వదులు చెయ్యడం ఆయన పని. ఈ దేశానికి ఆయన్ని టైలర్ అనే తెచ్చారు. తెచ్చి అల్ ఐన్‌లో ఖర్జూరం చెట్లెక్కించారు. వేలిముద్ర వేసిన కాగితంలో అట్లాగే రాసుందట. ఊళ్ళో ఎవరూ చదివి చెప్పలేదు. రెండేళ్ళు చెట్లెక్కి, గెలలకు కట్టే వల సంచులు చిరిగితే కుడుతూ, ఆ కుట్టు చూపించే చివరికి సూది పనిలోకి తిరిగొచ్చారు.

కరోనా సద్దుమణిగాక ఒక సాయంత్రం. కొత్తగా వచ్చిన నిజామాబాద్ మనిషి ఒకడు కవరాల్ చేతులు కత్తిరించుకోవడానికి వచ్చాడు. కరెంటు పని అని చెప్పి పంపారట, ఇక్కడ చేతికి పార ఇచ్చారు.

"సంతకం పెట్టిన కాగితంల ఏముండె?" అన్నాను నేను.

"ఏమో కాకా, ఇంగ్లీషుల ఉండె, అరబ్బీల ఉండె. పెట్టుమన్నరు, పెట్టిన."

మాస్టర్ మిషను ఆపారు. "చదివి వినిపించినారా?"

"లేదు మాస్టర్."

"అర్థమయిందా అని నిన్ను అడిగినారా?"

"మనలనెవడడుగుతడు మాస్టర్?"

ఆ మాట వినగానే ఆయన ముక్కు చివర ఎర్రబడింది. బల్ల పక్కన వంతు కోసం కూర్చున్న నేపాలీ వంటమనిషినీ, బంగ్లా తాపీమేస్త్రినీ, పటాన్ డ్రైవర్నీ హిందీలో అదే అడిగారు. ముగ్గురిదీ అదే కథ. ఏజెంటు పేరొక్కటే మారింది. మాస్టర్ మెడలోని టేపు తీసి బల్ల మీద పడేశారు. "నలుగురికీ ఒకటే కొలత. అయితే ఒకటే చొక్కా కుడదాం."

చొక్కా అంటే ప్రశ్న. మా మా దేశాల సర్కార్లు నాలుగు. నాలుగింటినీ ఒకే మాట అడగాలి. అది కూడా మాలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని రాసింది కాదు, అందరూ సరే అన్నది. ఐదేళ్ళకోసారి ఓటు వేయమంటారు గదా, ఆ రోజు ఓటు అక్కడ ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటాడు, నడుమ సముద్రం ఉంటుంది. "వాళ్ళు మనల్ని అడిగేదాకా ఎందుకు కూర్చోవాల? మనమే అడిగితే పోలా?" అన్నారు మాస్టర్.

ఈ దేశంలో సభలు పెట్టే వీలు లేదు. మేమూ పెట్టలేదు. మా పేచీ ఈ దేశంతో కానే కాదు. గుండీ ఊడినవాడు దర్జీ దగ్గరికి వస్తాడు, ఒక్కొక్కడే వస్తాడు. దాన్ని ఎవరూ సభ అనరు.

దర్జీ ఏ బట్టనైనా ముందు కచ్చా కుట్టు వేస్తాడు. తొడిగి చూసి, బిగుతైన చోట సుద్దతో గీత పెట్టి, విప్పి మళ్ళీ కుడతాడు. ప్రశ్ననూ అట్లాగే చేశారాయన. తెలుగులో అనుకున్న వాక్యాన్ని మాస్టర్ హిందీలో చెబితే, నేపాలీ అతను తన వాళ్ళకు చెప్పాలి, వాళ్ళలో ఒకరు బంగ్లా వాళ్ళకు, వాళ్ళు పటాన్లకు, పటాన్ మళ్ళీ మాకు. మొదటిసారి మా ప్రశ్న తిరిగొచ్చేసరికి, కంపెనీ మాకు రాత్రిబడి పెట్టాలన్న కోరిక అయి కూర్చుంది. మాస్టర్ నవ్వి, "చంక దగ్గర బిగిసింది, విప్పండి" అన్నారు. ఇట్లా రెండు నెలలు. చివరికి వెళ్ళిన వాక్యం వెళ్ళినట్టే తిరిగొచ్చింది: 'పనికి పోయేవాడు అడిగితే, విమానం ఎక్కకముందే సర్కారు మనిషి ఎదుట పని కాగితాన్ని వాడి భాషలో చదివి వినిపించాలి.'

ఇక దానికి అందరూ సరే అంటారో లేదో ఓటు పెట్టి తేల్చాలి. ఓటు సంచులు పాత కవరాళ్ళతో కుట్టారు. నడుము దగ్గర కత్తిరించి అడుగు మూసి, మెడ మూసి, ఒక చెయ్యి తీసేసి ఒక్క చెయ్యి ఉంచారు. భాషకొక రంగు సంచి. ప్రతివాడికీ ఒక పెద్ద గుండీ, ఒక చిన్న గుండీ. పెద్దది అవును, చిన్నది కాదు. గుప్పెట మూసి ఆ చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చి ఒకటి వదలాలి. చదువు రానివాడికీ వేళ్ళతో తెలుస్తుంది, పక్కవాడికి కళ్ళతో తెలియదు. మిగిలింది వెళ్ళేటప్పుడు డబ్బాలో వేస్తే చప్పుడు తెలుస్తుందని దాని అడుగున దూది కూడా పరిచారు.

పటాన్ ఎగతాళి చేశాడు: "క్యా మాస్టర్, బటన్ సే హుకూమత్ చలేగీ?"

"గుండీ లేకుంటే నీ ప్యాంటే నిలబడదు, సర్కారు సంగతి తర్వాత" అన్నారు మాస్టర్ హిందీలో. దుకాణమంతా నవ్వు.

నియమం ఒక్కటే. నాలుగు సంచులూ విడివిడిగా అవును అనాలి. మూడు అవునని ఒకటి కాదంటే ప్రశ్న కదలదు. "ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి ప్యాంటు తొడుక్కోని నడుస్తావా?" అనేవారు.

నెల తర్వాత సంచులు విప్పాం. నేపాలీ సంచి అవును. బంగ్లా సంచి అవును. పటాన్ల సంచి అవును. మా తెలుగు సంచిలో చిన్న గుండీలు నాలుగు ఎక్కువ.

మాస్టర్ మొహం చూడలేకపోయాను. అంతకాలం కష్టపడింది ఆయన, కాదన్నది ఆయన సొంత భాష. గొంతు తగ్గించి అన్నాను: "మాస్టర్, అయిదు పెద్ద గుండీలు కలిపితే ఎవనికెరుక?"

ఆయన లేచి నిలబడ్డారు. "అన్నా, మన పేరుతో ఎవడో రాసుకున్నాడనే గదా ఇంతకాలం మన ఏడుపు. ఇప్పుడు వీళ్ళ పేరుతో నువ్వు రాస్తావా?"

ఇప్పుడు పాఠకులకు ఒక నిజం చెప్పాలి. ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఆ చిన్న గుండీల్లో ఒకటి నాది. మా చెల్లెలి కొడుకు పాస్‌పోర్టు అప్పుడు జగిత్యాలలో ఏజెంటు బల్ల సొరుగులో ఉంది. కాగితం చదవమని అడిగినవాణ్ణి పక్కకు నెట్టి, అడగనివాణ్ణి విమానం ఎక్కిస్తారని నా భయం. ఓటేమో భయంతో వేశాను, దొంగ గుండీలేమో స్నేహంతో వేస్తానన్నాను. రెండూ ఒకే చేత్తో.

మాస్టర్ ఎవరినీ నిలదీయలేదు. "కాదన్నోడు ఎవడో నాకొద్దు. ఎందుకన్నాడో అది కావాల" అని మిషను ముందు కూర్చున్నారు. ఆ తర్వాత రెండు వారాలూ వచ్చిన ప్రతివాడూ 'నాకు తెలిసినోడు ఒకడున్నడు మాస్టర్' అంటూ మొదలుపెట్టాడు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ఆయన తల ఎత్తకుండా విన్నారు. చివర, "ఆ తెలిసినోణ్ణి అడిగి రా అన్నా, ఎట్ల రాస్తే పెద్ద గుండీ వేస్తాడో" అన్నారు.

నేను బయటికి వెళ్ళి బస్సుల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాను.

"అడిగిన మాస్టర్. అడిగినోనికి గాదు, అందరికి సదవాలె అంటున్నడు. ఎవ్వలు అడగకుండనే సదవాలె. అప్పుడు పక్కకు నూకనీకి ఎవడుంటడు?"

మాస్టర్ దారం కొరికి తెంపారు. "మంచి కొలత చెప్పినాడు. నా సలాం చెప్పు ఆయనకు." ఆయనకు తెలుసా? తెలిసే ఉంటుంది. కానీ తెలియనట్టు ఉండటమే ఆయన నియమం. ఆ నియమం నా ఎదుట కూడా తప్పలేదు.

'అడిగితే' అన్న మాట తీసి, 'ఎవరూ అడగకుండానే, అందరికీ' అని వేశాం. మళ్ళీ నాలుగు చుట్లూ తిప్పాం, మళ్ళీ సంచులు కట్టాం. ఈసారి నాలుగూ అవును. సెలవు మీద వెళ్ళే నలుగురు నాలుగు కాగితాలు పట్టుకెళ్ళి వాళ్ళ వాళ్ళ ప్రతినిధుల చేతికిచ్చారు. అందులో చిన్న గుండీలు ఎన్నో కూడా రాయించారు మాస్టర్. "కాదన్నోడు కూడా మనోడే. వాణ్ణి ఎందుకు దాచాల?"

నాలుగింట్లో ఒక చోటి నుంచి జవాబు వచ్చింది. పరిశీలనలో ఉందట. మేమంతా డీలా పడ్డాం. ఆయన మాత్రం, "పరిశీలన అంటే కచ్చా కుట్టు. పక్కా కుట్టు పడేదాకా ఇడిసేది లేదు" అన్నారు. ఆ తర్వాత ఏటా ఓటు పెట్టాం, ఏటా కాగితాలు వెళ్ళాయి. మా చెల్లెలి కొడుకూ వచ్చాడు, మేస్త్రి పనని చెబితే వచ్చి గిన్నెలు తోముతున్నాడు. ఇప్పుడు వాడి పెద్ద గుండీ అందరికంటే ముందు పడుతుంది.

పోయినేడు సూదిలో దారం ఎక్కించలేక మాస్టర్ ఊరికి వెళ్ళిపోయారు. సంచులూ గుండీల డబ్బా నా చేతిలో పెట్టి, "ప్రశ్న పాతదయితే మళ్ళీ కొలత తియ్యండి. మాస్టర్ చెప్పినాడని మాత్రం కుట్టొద్దు" అన్నారు. ఈ మధ్య ఒక శ్రీలంక వెల్డర్ వచ్చి, మా సంచి ఏదీ అని అడిగాడు. ఐదోది నేనే కుట్టాను. కుట్టు వంకర. ఆయన చూస్తే విప్పించేవారు.

ఈ ఏటి ఓటు ఆదివారం మొదలుపెట్టాలనుకున్నాం. శుక్రవారం కబురు వచ్చింది. మా మేనల్లుడు అన్నాడు, "మామా, మాస్టర్ పోయిండు గదా, ఈ ఏడు ఆపుదామా?"

"ఆపుదామా వద్దా అని అందర్ని అడుగు, నన్నొక్కణ్ణెందుకు అడుగుతున్నవ్?" అన్నాను. అడిగాడు. గదిగదికీ వెళ్ళి అడిగాడు. ఆపమన్నవాడు ఒక్కడూ లేడు.

సంచులు ఏడాదిగా మూటలో ఉన్నాయి, దుమ్ము పట్టాయి. ఆ సాయంత్రం వాటిని ఉతికి మేముండే కార్మికుల క్యాంపు వెనక తీగ మీద వేశాం. నీలం, నారింజ, బూడిద, పచ్చ, నా వంకర కుట్టు ఎర్రది. అప్పటికి రాయచోటిలో మట్టి కూడా వేసేసి ఉంటారు. ఒంటి చేతుల బట్టలు నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి. అవి ఆరుతుండగా ముసఫ్ఫా గాలి ఇసుకను మోసుకుంటూ వచ్చి సంచుల్లో దూరింది.

ఎవరూ అడగకుండానే, అయిదు చేతులూ లేచాయి.