పడవలో పతంగి చెయ్యి

ఏ కిటికీ దగ్గర నిలబడినా అతని చూపుడువేలు, బొటనవేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి, కనిపించని మాంజాను పట్టుకున్నట్టు. హైటెక్ సిటీ ఆఫీసులో నా పక్క సీటు అతనిది. శేరిలింగంపల్లి మిద్దెల మీద పతంగులు ఎగరేస్తూ పెరిగినవాడు.

ఒక వేసవిలో ఆఫీసు స్నేహితులం నలుగురం నార్వే ఉత్తర తీరం వెంబడి తెరచాప పడవలో తిరిగాం. దానికోసం నేను హుస్సేన్ సాగర్‌లో శిక్షణ తీసుకున్నాను. అతను తీసుకోలేదు. అయినా పడవ నడిపే ముసలాయన చుక్కాని అతనికే ఇచ్చేవాడు. నాకు కడుపు మండిపోయేది.

ఒకనాడు మిగతా ఇద్దరూ కింద గదిలో నిద్రపోతుండగా మంచుకొండల మీంచి గాలి విసురుగా దిగింది. తెరచాప తాడు నా చేతిలో ఉంది. భయంతో ఇంకా బిగించాను. పడవ ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి.

"ఢీల్ ఇయ్యన్నా, గుంజకు," అంటూ అతను తాడు లాక్కుని వదులు చేశాడు. పడవ మళ్లీ నిటారుగా నిలబడింది.

తిరిగొచ్చాక ఆఫీసులో ఆ కథను తిరగేసి చెప్పాను: బిగించింది అతను, వదిలింది నేను. అతను పక్కనే టీ తాగుతూ విన్నాడు. "అవును, అన్న లేకుంటే మునిగిపోతుంటిమి," అన్నాడు. ఆ ఘనతను అంత తేలిగ్గా నాకు ఇచ్చేయగలిగినందుకు అతని మీద అసూయ ఇంకా పెరిగింది.

మొన్న మదీనాగూడలో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. అతని భార్య బగారన్నం వడ్డిస్తూ, "మీరు లేకుంటే మా ఆయన ఇంటికి రాకపోతుండె అన్నా," అంది. అతను నాకేసి చూడకుండా పెరుగు గిన్నె ముందుకు జరిపాడు. నేను తలూపి తిన్నాను.

చెల్లెమ్మా, ఆ రోజు నన్ను ఇంటికి చేర్చింది మీ ఆయన.