ఒకటికి మూడు వందల ఇరవై

పదేళ్ళ కిందట ఒక ఎండాకాలం పొద్దున, నా భార్య ఓబుళమ్మ పొయ్యి ఊదుతూ ఊదుతూ గోడకు ఒరిగిపోయింది. "తల మోయలేకుండా ఉండాను మామా" అంది. ఆ మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. ఆ రోజు వచ్చిన జ్వరం దిగలేదు. ప్రతి సాయంత్రం నిన్నటికంటే కొంచెం పైకెక్కేది.

మాది ధర్మవరం. పట్టుకు రంగులు వేయడం నా పని. ఎనిమిదో రోజు ఆమెను అనంతపురం ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు గారు నాలుక చూసి, కడుపు నొక్కి చూశారు. "టైఫాయిడ్ అనుకుంటున్నాను. వైడాల్ టెస్ట్ చేయిద్దాం. రిజల్ట్ చూసి మందు మొదలుపెడతాను. అంతవరకు గంజి, పాలు, బార్లీ నీళ్ళే. ముద్ద పెట్టొద్దు" అన్నారు. రక్తం ఇచ్చి ఇల్లు చేరాం.

రెండు రోజుల తర్వాత రిజల్ట్ చీటీ కోసం నేనొక్కణ్ణే వెళ్ళాను. "డాక్టరు సాయంత్రం వస్తాడు, ఉండప్పా" అన్నాడు ల్యాబులో ఉన్నతను. చీటీలో 'ఓ' అనే అక్షరం ఎదుట 1:320 అని ఉంది. రంగులవాడికి ఆ లెక్క ఒకరు చెప్పాలా? రంగు ఒక పాలు, నీళ్ళు మూడు వందల ఇరవై పాళ్ళు. అన్ని నీళ్ళలో దారానికి ఏమంటుతుంది? జబ్బు పలచబడిందనుకుని, సంతోషంగా మధ్యాహ్నం బస్సెక్కాను.

ఇంటికొచ్చి రాగిసంగటి ముద్దను ఊరిబిండిలో, అదే శెనక్కాయల పచ్చడిలో, అద్ది నా చేత్తో తినిపించాను. "డాక్టరు వద్దన్యాడు కదా మామా" అంది. "నీ జబ్బు నీళ్ళయిపోయిందిలే, తిను" అన్నాను. మరుసటి రోజూ పెట్టాను. మూడో రోజు ఆమెకు విరేచనంలో నల్లగా రక్తం పోయింది. చేతులు చల్లబడ్డాయి.

సరుకుల లారీలో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాం. "పేగులో పుండు నుంచి బ్లీడింగ్. చీటీ నాకెందుకు చూపలేదు?" అన్నారు డాక్టరు గారు. నా లెక్క చెప్పాను. ఆయన చీటీలో ఆ అంకె మీద వేలు పెట్టారు.

"నీ రంగు ఒక చెంబుకు మూడు వందల ఇరవై చెంబుల నీళ్ళు పోశావనుకో. అప్పటికీ దారానికి అంటుతూనే ఉంది. ఆ రంగు పలచనా, చిక్కనా?"

"చిక్కనే" అన్నాను.

"జబ్బుతో పోరాడడానికి ఒంట్లో పుట్టేది యాంటీబాడీ. రక్తంలోని నీటిని అంత పలచన చేసినా అది కనబడింది. మన వైపు ఎనభై దాకా బాగున్నవాళ్ళకూ ఉండొచ్చు. ఈ జ్వరంలో మూడు వందల ఇరవై అంటే చాలా ఎక్కువ."

అప్పుడే వార్డులోకి మా అమ్మ వచ్చింది. "దొంగతనంగా ముద్ద తినింటాది. నోరు కట్టుకోలేదు ఈ మనిషి" అంది. నేను పక్కనే నిలబడి నోరెత్తలేదు. ఓబుళమ్మ నా వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

రక్తం ఎక్కించారు. సెలైన్ పెట్టారు. ఆరు గంటలకొక క్యాప్సూల్. ఐదో రోజు జ్వరం దిగింది. పది రోజులకు మళ్ళీ వచ్చింది. "రిలాప్స్" అన్నారు, మళ్ళీ క్యాప్సూళ్ళు. జుట్టంతా రాలిపోయింది. రెండు నెలలకు ధర్మవరం బస్సు దిగి, జట్కా వద్దని, "నా కాళ్ళు నాకుండాయి" అని ఇంటిదాకా నడిచింది. తర్వాతి పరీక్షలో నూట అరవై వస్తే, ఎనభై దాటిందే అని చీటీ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. "జ్వరం పోయినా ఇది కొన్ని నెలలు ఉంటుంది. అంకె కాదు, మనిషిని చూడు" అని డాక్టరు గారు నవ్వారు.

కానీ 'దొంగముద్ద ఓబుళమ్మ' అన్న పేరు మాత్రం బంధువుల్లో నిలిచిపోయింది. మొన్న మా తమ్ముడి బిడ్డ పేరు పెట్టే రోజు, బంతిలో వడ్డిస్తున్న మా పెద్దమ్మ కొడుకు "వదినా, ముద్దలు ఎంచి పెట్టినాం, దాచుకోగాకు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆమె దొంగతనంగా తినలేదప్పా. డాక్టరు వద్దన్యాడు, ఆమె వద్దనింది. నేనే బలవంతంగా తినిపించినా. చీటీ తప్పు చదివింది నేను."

మా అమ్మ తల దించుకుంది. ఓబుళమ్మ విస్తరి ముందుకు జరిపింది. "పదేండ్లకు నోరు పెగిలిందే మామా నీకు! ఇంగొక ముద్ద ఎయ్యండి. అందరి ముందరా తింటా."

తింది. ఈ రోజు ఆమె నాకంటే ఆరోగ్యంగా ఉంది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. రక్తపరీక్ష చీటీలో అంకె మీకు ఎంత తెలిసినట్టు కనిపించినా, డాక్టరు వచ్చేదాకా ఆసుపత్రిలోనే కూర్చోండి. "ఇది ఎక్కువా, తక్కువా? ఎంతవరకు మామూలు?" అని అడిగాకే కదలండి.