ఏదీ నొక్కకపోతే

ఆసుపత్రికి వచ్చే ఫోన్లలో ఏది ఏ గదికి వెళ్ళాలో సిప్ ప్రాక్సీ అనే సర్వరుకు నేర్పడం అతని పని. ఒకటి నొక్కితే డాక్టరుకు, రెండైతే మందుల కౌంటరుకు, ఆ లైను ఖాళీ లేకపోతే పక్క గదికి. పొద్దస్తమానం ఇదే గోల కాబట్టి అందరూ ‘అయితేగారు’ అని పేరు పెట్టేశారు. ఇంట్లోనూ అంతే. టీ తాగుతారా అని భార్య అడిగితే, “పాలుంటే తాగుతా, లేకపోతే వద్దు” అనేవాడు. ఆవిడ నెత్తి కొట్టుకునేది.

అందరూ పిన్ని అని పిలిచే టెలిఫోన్ ఆపరేటరుకు ఆ శుక్రవారంతో రిటైర్మెంటు. ఆవిడ బదులు ఇక సర్వరే ఫోన్లెత్తాలి కాబట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చెవిలో ఉన్నదంతా అతను ఇరవై మూడు షరతులుగా రాసేశాడు. చివరిది మేనేజరు చెప్పింది: ఏదీ నొక్కకపోతే రికార్డింగు మూడుసార్లు వినిపించి కాల్ కట్ చెయ్యాలి.

పిన్ని ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసింది.

“మీ నాన్న ఏం నొక్కుతాడురా?”

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. పక్షవాతం వచ్చాక తండ్రికి మిగిలింది ఒకే మాట: ‘అది’. కోడలూ ఉద్యోగానికి వెళ్ళాక పగలు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. సర్వరు గదిలో సెల్లు పనిచెయ్యదు గనక, కష్టమొస్తే, కొడుకు అలవాటు చేసిన ఒకే ఒక్క మీట నొక్కి ఆసుపత్రికే చేసి “అది, అది” అంటాడు. పిన్ని గొంతు గుర్తుపట్టి కొడుకును పిలుస్తుంది. పిన్ని లేని ఆసుపత్రిని అతనసలు ఊహించుకోలేదు.

వెంటనే తండ్రి నంబరొస్తే నేరుగా డ్యూటీ నర్సుకు వెళ్ళేలా రాశాడు. పైనున్న షరతే ముందు చెల్లుతుంది కాబట్టి దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు.

“మీ నాన్నకి నువ్వున్నావు,” అంది పిన్ని. “మరి తక్కిన నోరులేనివాళ్ళకి?”

అతను సిగ్గుపడ్డాడు. తన దాకా వస్తే గానీ తెలియదని ఊరికే అనలేదు పెద్దలు.

ఏదీ నొక్కని కాల్ ఎవరిదైనా కట్ చెయ్యకుండా నర్సుకే పంపాలని మేనేజరుకు నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

“పనికిమాలిన కాల్సన్నీ నర్సు నెత్తిన పడతాయయ్యా.”

“పనికిమాలినదైతే పెట్టేస్తుంది సార్. కాకపోతే?”

“నీ అయితేలతో చస్తున్నా. రాసుకో.”

శనివారం పొద్దున వరండాలో నిలబడి తన సెల్లుతోనే పరీక్షించాడు. రికార్డింగు వినిపించింది. ఏదీ నొక్కలేదు. డ్యూటీ నర్సు ఎత్తింది.

“చెప్పండి.”

పరీక్ష కోసమని ఊరుకున్నాడు.

“తొందరేం లేదు. ఇక్కడే ఉన్నాను, నిదానంగా చెప్పండి.”

ఈసారి నిజంగానే మాట పెగల్లేదు.

“అది…” అన్నాడు.

“మీరా తాతగారూ, కంగారుపడకండి. మీ అబ్బాయిని ఇప్పుడే పిలుస్తాను,” అంది నర్సు. పిన్ని ఆవిడకూ చెప్పే వెళ్ళింది.