వన్స్‌మోర్ అరిసిందెవుడు?

మైకు సెట్టోడు ఎవుడినీ నమ్మడు. నమ్మితే బతకనేడు. పెళ్లోళ్లు సామాను పట్టుకెల్తారా, తిరిగొచ్చినప్పుడు సూస్తే వైరు పొడుగు తగ్గిపోయుంటాది. అడిగితే "మాకేటి తెల్సు" అంటారు. గాజువాకలో నాది ఏళ్ల తరబడి ఇదే యాపారం. పేరు సింహాద్రి. పుట్టింది యారాడలో, సేపలేటకెల్లే ఇంట్లో. కానీ పడవెక్కితే సాలు, కడుపులో తిప్పీసి వాంతులు. మా అయ్య సూసీ సూసీ, "ఈడు సంద్రానికి పనికిరాడు, ఒడ్డునే ఏటైనా సేసుకుని సావనీ" అనీసాడు. అలగ మైకు సెట్టు పెట్టాను.

అలాటి నాకే దొరబాబు బావని సూస్తే, ఓరి నాయనో, మనిషికి ఇంత అనుమానం పనికిరాదురా అనిపించీది. సుట్టరికం నేదు, పిలుపులోనే బావ. ఇప్పుడు సెప్పీది ఆయన సంగతే.

దొరబాబుది కోనసీమ, అమలాపురం అవతల. స్టీల్ ప్లాంటు కడతన్న రోజుల్లో ఫిట్టరుగా వొచ్చి కూర్మన్నపాలెంలో దిగాడు. తర్వాత ఉద్యోగం పర్మినెంటయ్యింది. పగలు పైపులు బిగించీవోడు, శనారం వొస్తే కిరీటం పెట్టీవోడు. మా సాగర నాట్యమండలిలో పద్యాల నాటకం ఆడితే రాజు వేషం ఆయనదే. ఆ రోజుల్లో మా సుట్టుపక్కల సినిమా హీరోలకెంత పేరో ఆయనకీ అంత పేరు. అనకాపల్లి అవతల్నుంచి లారీలెక్కి వొచ్చీవోరు జనం. బజార్లో ఎల్తంటే ఆడోళ్లు "అదిగో రాజుగారు" అనుకునీవోరు. ఆయన భార్య నాగమణి సెల్లెమ్మ కూరల కొట్టుకాడ ఆ మాట ఇని, "ఆ రాజుగారి లుంగీలు ఉతికేది నేనేనమ్మా" అనీది.

పద్యాల నాటకం సూడనోళ్లకి ఒక సంగతి సెప్పాల. నటుడు పద్యం పాడి, సివర్న రాగం తీస్తాడు. బాగుంటే సీకట్లోంచి ఎవుడో "వన్స్‌మోర్" అని అరుస్తాడు. ఆ ఎనకే జనమంతా అందుకుంటారు. ఇంక నాటకం ఆగిపోవాల్సిందే. సచ్చిపడున్నోడైనా లేసి మళ్లీ పాడి మళ్లీ సావాల. ఫలానా ఊళ్లో ఫలానా వోడికి వన్స్‌మోర్లు పడ్డాయట అన్న మాటే ఊళ్లంట తిరిగీది. మండలి మేష్టారొకాయన రాసిన నాటకంలో, రాజ్యం పోయిన రాజు ఏటి ఒడ్డున కూకుని తన నీడతో మాటాడీ పద్యం ఒకటుంది. దొరబాబు ఆ పద్యం పాడితే వన్స్‌మోర్ పడకుండా ముందుకెల్లిన ఊరు నాకు గుర్తునేదు.

పేరు పెరిగీ కొద్దీ అనుమానమూ పెరిగింది. ఎవుడో కుళ్లుబోతు తిండిలోనో నీళ్లలోనో సింధూరం కలిపి గొంతు పోగొడతాడని భయం. నాటకాలోళ్లకి ఈ భయం ఉన్నదే గానీ, ఈయనది మరీ ఇడ్డూరం. నీళ్లు ఇంటికాడ్నించే ఫ్లాస్కులో వొచ్చీవి. ఒకరిచ్చిన కిళ్లీ నోట్లో పెట్టీవోడు కాదు. నా ఇంట్లో మజ్జిగిస్తే గ్లాసు వాసన సూసి పక్కనెట్టీసాడు. నాకు ఒళ్లు మండింది. "నీ గొంతు పోగొట్టి నానేటి సేసుకుంటాను బావా, రేపట్నుంచి నా మైకు ముందు గేదెని నిలబెట్టాలేటి?" అన్నాను. "కోపం వద్దండి బావా, ఎవర్ని నమ్ముతామండి" అన్నాడు. కోనసీమ మనిషి కదా, ప్రతి మాటకీ అండి ఉంటాది. ఆ అండి పోయిందంటే కోపం వొచ్చినట్టు.

అయ్యన్నీ పాత రోజులు. నాటకాలు పోయాయి, రిటైరయ్యాడు. అయినా పొద్దున్నే పెరట్లో నిల్సుని పాడుకోడం మాననేదు. ఆ ఇంటి పక్కోళ్లకి అదే అలారం.

కిందటి వానాకాలం మండలి సెక్రట్రీ అర్జునరావు పోయాడు. పెద్దకర్మ భోజనాలకి పాతోళ్లమంతా ఎల్లాం. హాస్యం వేషాలేసీ నీలకంఠం మా పక్క బంతిలో కూకున్నాడు. పోయినోడి మంచితనం సెప్తన్నాడు. "అర్జునరావులాంటి సెక్రట్రీ మళ్లీ పుట్టడండీ. జనం నిద్రోతారని వన్స్‌మోర్ అరవడానిక్కూడా మనిషిని పెట్టేవాడు. టీ, రెండు బజ్జీలు, అంతే!" అన్నాడు. బంతంతా నవ్వీసారు. దొరబాబు సెయ్యి పప్పన్నంలో ఆగిపోయింది. పెరుగు కూడా ఎయ్యించుకోకుండా లేసెల్లిపోనాడు.

మర్నాడు షాపు తలుపు తీస్తన్నాను, వొచ్చీసాడు.

"బావా, నిజం చెప్పండి. ఆ మనిషి ఒక్కడేనా, ఇంకా ఉన్నారా?"

"నాకేటి తెల్సు బావా? నాను పక్క తెర ఎనకాల ఆంప్లిఫయర్ సూసుకుంటాను. జనం నాకు కనపడరు కదా."

అల్మారాలో ఉన్న ఎకో మిషను, గొంతుని గుమ్మెత్తించీది, దానికేసి సూసాడు. "దాన్ని ఎంతలో పెట్టేవాడివి?"

అండి పోయింది. నాకూ తిక్క రేగింది. "అంటే నీ గొంతు నాను తయారు సేసానంటావా? ఆ మిషను అందరికీ ఒక్కలాగే పెట్టాను. మరి మిగతావోళ్లు నీలాగ పాడనేదేటి?" అని అరిసాను. ఆయన నమ్మనేదు. ఆ కళ్లు సూస్తే తెలుస్తాది కదా.

ఇంక అక్కడ్నించి మొదలు. బావమరుదులు ముందు వరసలో కూకునీవోరని నాగమణి మీద అనుమానం. ప్లాంటులో తనతో పని సేసినోళ్లు జట్టుగా వొచ్చీవోరని ఆళ్ల మీద అనుమానం. దారిలో ఎవరైనా ముసలోళ్లు ఆపి "రాజుగారూ, ఆ పద్యం ఇప్పటికీ సెవుల్లో ఉందండీ" అంటే, ఒకప్పుడు పొంగిపోయీవోడు. ఇప్పుడు ఆళ్లు ఎల్లిందాకా ఉండి, "ఈయనా బజ్జీలు తిన్నవాడేనేమో" అంటన్నాడు. కాలనీ సంఘమోళ్లు సన్మానం పెడతామని, శాలువా కప్పాక ఆ పద్యం పాడాలని అడిగితే, "దొంగ పేరుకి శాలువా ఎందుకండి" అని పంపీసాడు. పెరట్లో పాటా ఆపీసాడు.

నాగమణి షాపుకొచ్చి కూకుంది. "అన్నయ్యా, ఆయన పాడటంలేదు. పలకటంలేదు. నేను మెచ్చుకుంటే నా మొహంలోకి చూస్తున్నారు, ఎవరు చెప్పమన్నారు అన్నట్టు. నలభై ఏళ్లు కాపరం చేశానండి, నన్నలా చూస్తే ఎలా చెప్పండి" అని కళ్లొత్తుకుంది. "ఏదో ఒకటి తేల్చండి. ఇలాగైతే ఈ మనిషి మళ్లీ నోరు తెరవడు."

నాకు బాదేసింది. అటక మీద పాత క్యాసెట్లుంటే దించాను. సరదాకి ప్రతీ నాటకం రికార్డు సేసీవోడిని. బూజు పట్టినయ్యి పోగా, పలికినయ్యి కొన్ని మిగిలాయి. బావని కూకోబెట్టి ఒక్కోటీ ఏసాను. పద్యం అవ్వడం, వన్స్‌మోర్ పడ్డం, ఆయన సెయ్యెత్తడం, నాను ఆపడం. మళ్లీ ఎనక్కి తిప్పడం. మూడో క్యాసెట్టుకే ఇద్దరికీ తెలిసిపోయింది. ఏ ఊరైనా, ఏ ఏడైనా, ముందు అరిసీ గొంతు ఒక్కటే. సివర్న "మోరో...య్" అని సాగదీస్తాడు.

ఆ సాగదీత ఇని క్యాసెట్టు ఆపీసాను. అది మా ఊరి కేక. ఒడ్డు మీంచి పడవలోళ్లని పిలిసీ కేక. గొంతు కూడా నాకు తెలిసిందే, మా అమ్మ తరపు సుట్టం కన్నబాబుది. ఇన్నాళ్లూ తెర ఎనక కూకుని మా సుట్టం గొంతు నానే గుర్తుపట్టనేదంటే నా మొహాన ఉమ్మాల.

"మీ చుట్టమా!" అన్నాడు దొరబాబు. ఆ సూపు ఇంక సెప్పక్కర్నేదు.

"నీ అమ్మ కడుపు బంగారం గానూ, రా నాతో. ఆడి నోటితోనే ఇందువుగాని" అని లాక్కెల్లాను.

ఘాట్ రోడ్డు ఎక్కి దిగి యారాడ ఎల్లాం. కన్నబాబు ఒడ్డున పడవ నీడలో కూకుని వల బాగు సేసుకుంటన్నాడు. ముసలోడయిపోనాడు గానీ గొంతు అలాగే ఉంది. అడిగీసరికి నవ్వీసాడు, దాపరికం నేదు.

"అవును, అరిసీవోడిని. అర్జునరావు టీ ఇప్పించీవోడు. రాగం ఆగగానే అరవమన్నాడు, అరిసాను."

"అందరికీనా, నాకేనా?" అన్నాడు దొరబాబు.

"అందరికీని. నీది ఏ వేషం?"

బావ మొహం సూళ్లేకపోయాను. "రాజు" అన్నాడు మెల్లిగా.

"ఇద్దరు రాజులుండీవోరు కదేటి. గెలిసిన రాజువా, ఓడిపోయిన రాజువా?"

"ఓడిపోయిన రాజుని."

కన్నబాబు కాసేపు సూసాడు. గుర్తు రానేదు. బావ ఇంకో అడుగు ముందుకేసాడు. "ఒక్కసారైనా, టీ కోసం కాకుండా, పద్యం బాగుందని మీ అంతట మీరు అరిచారాండి?"

"అబద్దం సెప్పమంటావా?"

"వద్దండి."

"నాకు పద్యాలు అర్దమవ్వవు బావా. టీ కోసమే అరిసాను."

ఆడిని ఎత్తి సంద్రంలో పారేద్దుననిపించింది. అబద్దం ఆడితే ఈడి సొమ్మేం పోయింది!

తిరుగు బస్సులో నాను ఊరుకోనేదు. "బావా, సరిగ్గా ఇను. ఆడు అందరికీ అరిసాడు. గెలిసిన రాజుకి అరిసినప్పుడు క్యాసెట్టులో ఆడి గొంతు ఒక్కటే ఉంది, ఎవుడూ అందుకోనేదు. నీకు అరిస్తే ఊరంతా అందుకుంది. ఆళ్లందరికీ బజ్జీలు పెట్టాడేటి అర్జునరావు?"

"ఒకడు అరిస్తే పదిమంది అరుస్తారండి. అది మెచ్చుకోలు కాదు, అంటురోగం" అన్నాడు. బస్సు దిగాక అన్నాడు, "ఆ సన్మానానికి వస్తానని చెప్పండి బావా. పాడతాను. ఎవరూ చెప్పకుండా జనం అడుగుతారో లేదో ఒక్కసారి చూడాలి. అడక్కపోతే ఇంక ఈ నోటితో పద్యం పాడను."

అప్పుడు మొదలెట్టాడు ఒట్లు. నీలకంఠాన్ని రావద్దన్నాడు. నాగమణి సేత తన తల మీద సెయ్యెట్టించుకుని, నోరు విప్పనని ఒట్టేయించుకున్నాడు. నాకైతే ఆంప్లిఫయర్ మీద సెయ్యెట్టించాడు. "ఎకో ఉండకూడదండి. మీరు అరవకూడదు, ఎవరిచేతా అరిపించకూడదు. మీ చుట్టాలెవరూ ఆ చుట్టుపక్కల కనపడకూడదు" అన్నాడు. మరీ ఇంతా అని తిట్టుకుంటూనే ఒట్టేసాను.

ఆదివారం పొద్దున్న కూర్మన్నపాలెం కల్యాణమండపం. కింద టిఫిన్లు, పైన సభ. జనం బాగానే వొచ్చారు. పిల్లకాయలు ఫోన్లలో ఉన్నారు, పెద్దోళ్లు సాంబారు వాసనకి అటూ ఇటూ సూత్తన్నారు. ఈళ్లలో సగమందికి పద్యాల నాటకమంటే ఏటో తెల్దు, ఈళ్లకా ఈయన పరీచ్చ పెట్టీది అని నాలో నానే తిట్టుకున్నాను. యాంకరింగ్ సేసిన అలేఖ్య అనే పిల్ల ఆయన పేరు సదివి మైకిచ్చింది. పట్టుపంచి కట్టుకొచ్చాడు. జనం మీదికి ఒకసారి సూసాడు, వరస వరసా, దొంగ కోసం ఎతికినట్టు. నా మిక్సరు కేసి కూడా సూసాడు. ఎకో కట్టేసే ఉంది.

పాడాడు. ఒకప్పటి శ్రుతి నేదు, బాగా దించుకున్నాడు. మొదటి రెండు పాదాలూ దారిలోనే ఎల్లాయి. మూడో పాదంలో గొంతు జారింది. పట్టుకుని, సివర్న రాగం తీసి ఆపాడు.

ఆగాక నిల్సున్నాడు. జనం సప్పట్లు కొట్టారు. ఫంక్షన్లో కొట్టీ సప్పట్లే, మంత్రికైనా కొడతారు, కేకు కోసినా కొడతారు. అయ్యీ అయిపోయాయి. బావ ఇంకా నిల్సునే ఉన్నాడు. ఎవుడూ అరవనేదు. నా పక్కన నాగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నా గొంతులోకి ఆ మాట వొచ్చీసింది, పళ్లు బిగించి ఆపాను. అరిస్తే నన్నేటి, ఇంక లోకంలో ఎవుడినీ నమ్మడు. అరవకపోతే మనిషి ఇక్కడే అయిపోతాడు. దేవుడా, ఎవుడైనా ఒక్కడు, తెలీని ఎదవ ఒక్కడు అరిస్తే నీకు కొబ్బరికాయ కొడతాను అని సింహాచలం అప్పన్నకి మొక్కాను. ఎవుడూ అరవనేదు.

అలేఖ్య నవ్వుకుంటూ వొచ్చి "థాంక్యూ సర్" అని మైకు కోసం సెయ్యి సాపింది.

బావ మైకు ఇవ్వనేదు. ఆ పిల్లకేసి సూడనూ నేదు. పక్కన హార్మోనియం వాయించీ ఆయనకేసి తలూపాడు. ఆయనకి అర్దం కానేదు. "మళ్లీనండి, మొదట్నించి" అన్నాడు బావ.

ఎవుడూ అడక్కుండా మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి జనంకేసి సూడనేదు. కళ్లు మూసుకున్నాడు. తొందర నేదు. నీడతో మాటాడీ రాజు నిజంగా నీడతోనే మాటాడినట్టు, పక్కనెవుడూ నేనట్టు పాడాడు. మూడో పాదం వొచ్చింది. జారనేదు. రాగం ఎంతసేపు తీసాడో, టిఫిన్లు వొడ్డించీవోడు గరిటతో మెట్ల మీదికొచ్చి నిల్సున్నాడు. నా కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుసుకోనూ నేదు.

మైకు అలేఖ్య సేతిలో పెట్టీసి కిందకి దిగొచ్చాడు. జనం ఏటి సేత్తన్నారో ఎనక్కి తిరిగి సూడనేదు. నా కాడికొచ్చి ఆగాడు.

"మొదటిసారి మూడో పాదంలో జారిందండి బావా."

"అవును, జారింది" అన్నాను.

"అందుకనే మళ్లీ పాడాను."

రెండోసారి ఎలగుందని అడుగుతాడని సూసాను. ఇన్ని నెలలూ ఎవుడు నిజంగా మెచ్చుకున్నాడా అని కొట్టుకున్నోడు, నన్ను అడగకుండా ఉంటాడేటి! నాను నిల్సునే ఉన్నాను. అడగనేదు. నాగమణి సెయ్యి పట్టుకుని, "టిఫిన్లు అయిపోతాయి, పదండి" అన్నాడు.